కన్సోల్‌లో ఉన్న అలర్ట్ మా దాకా ఎందుకు రాలేదు: ఒక ఎండ్‌పాయింట్ అనుసంధానం కేస్ స్టడీ

నేను పనిచేసే మానిటరింగ్ సర్వీస్‌లో జరిగిన కేసు ఇది. కస్టమర్ పేరు, టూల్ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, మిషన్ల లెక్కలు కొద్దిగా మార్చాను. పొరపాటు ఎక్కడ జరిగింది, దాన్ని పట్టుకోవడానికి మాకు అన్ని రోజులు ఎందుకు పట్టింది అన్నవి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఒక టూల్ నుంచి అలర్ట్‌లు తెచ్చి ఇచ్చే ఇలాంటి కనెక్టర్ ప్రోగ్రామ్‌లు చాలా కంపెనీల్లో ఇప్పుడూ నడుస్తున్నాయని నా నమ్మకం.

నేపథ్యం

హైదరాబాద్ చుట్టుపక్కల రెండు ఫ్యాక్టరీలు, సిటీలో ఒక ఆఫీసు ఉన్న మందుల ముడిసరుకు కంపెనీ. కంప్యూటర్లు, సర్వర్లు కలిపి సుమారు 380. ఐటీ టీమ్‌లో మేనేజర్ గారితో కలిపి నలుగురు. ప్రింటర్ ఆగినా వాళ్లే వెళ్లాలి, సర్వర్ పడినా వాళ్లే లేపాలి.

ఏడాది ముందే వాళ్లు క్లౌడ్ మీద నడిచే ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ టూల్ కొన్నారు. ఎండ్‌పాయింట్ అంటే ల్యాప్‌టాప్, సర్వర్ లాంటి ఒక్కో కంప్యూటర్. ప్రతి మిషన్‌లో సెన్సర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ఏ ప్రోగ్రామ్‌ను లేపింది, ఏ ఫైలు రాసింది, ఎక్కడికి కనెక్ట్ అయింది అన్నది అది గమనించి క్లౌడ్‌కు పంపుతుంది. అక్కడ అనుమానం తగిలితే కన్సోల్‌లో, అంటే టూల్ నిర్వహణ పేజీలో, అలర్ట్ పడుతుంది. టూల్ మంచిదే. కన్సోల్ చూసే మనిషే లేడు. వారానికి ఒకసారి, తీరిక దొరికితే, మేనేజర్ గారు లాగిన్ అయ్యేవారు.

విదేశీ కొనుగోలుదారు ఒకరు ఆడిట్‌లో "24 గంటల నిఘా ఎవరు చూస్తున్నారు?" అని అడిగేసరికి మమ్మల్ని పిలిచారు. మా పని చెప్పడానికి చిన్నది. టూల్ కన్సోల్‌లో పడ్డ అలర్ట్ మా అనలిస్టుల క్యూలోకి రావాలి, వాళ్లు చూసి అవసరమైతే ఫోన్ చేయాలి.

టూల్‌కు ఏపీఐ ఉంది, అంటే వేరే ప్రోగ్రామ్‌లు దాన్ని డేటా అడిగే దారి. కస్టమర్ వైపు ఒక యాప్ నమోదు చేసి, అలర్ట్‌లు చదివే అనుమతి మాత్రమే ఇచ్చి, క్లయింట్ ఐడీ, సీక్రెట్ (ఆ యాప్ పేరు, పాస్‌వర్డ్ లాంటివి) మాకు అందించారు. మా కనెక్టర్ ఐదు నిమిషాలకోసారి, వాటితో తీసుకున్న టోకెన్ అనే తాత్కాలిక పాస్ చూపించి కొత్త అలర్ట్‌లు అడిగి తెచ్చుకుంటుంది. రెండు రోజుల్లో పని అయిపోయింది. ఐటీ గదిలోని కంప్యూటర్ మీద ఐకార్ టెస్ట్ ఫైల్ పెట్టి చూశాం. ఇది 68 అక్షరాల హానిలేని వరుస. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడడానికి ప్రపంచమంతా వాడేది. నాలుగు నిమిషాల్లో మా క్యూలోకి వచ్చింది. అటు మేనేజర్ గారు, ఇటు నేను సంతకాలు పెట్టాం.

ఆ టెస్టులో లోపం ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. నెట్ బాగున్న గదిలో, ఆన్‌లో ఉన్న మిషన్ మీద, మేము కళ్లార్పకుండా చూస్తున్న సమయంలో, అన్నిటికన్నా సులువైన దారినే పరీక్షించాం.

సోమవారం పొద్దున ఫోన్

మూడు వారాల తర్వాత, సోమవారం ఉదయం 9:50కి మేనేజర్ గారు ఫోన్ చేశారు.

"సార్, కన్సోల్ ఓపెన్ చేశాను. పర్చేజ్ వాళ్ల ల్యాప్‌టాప్ మీద పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్వేర్ అని ఉందండీ. శుక్రవారం సాయంత్రం 6:42 అని చూపిస్తోంది. మీ వాళ్లెవరూ ఫోన్ చేయలేదేంటి?"

మా క్యూలో చూశాను, లేదు. మూసేసిన వాటిలో చూశాను, అక్కడా లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా 63 గంటలు. కనెక్టర్ స్థితి చూపే పేజీలో మాత్రం పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. ఐదు నిమిషాల క్రితమే విజయవంతంగా అడిగినట్టు రాసి ఉంది.

కారణం వెతకడం తర్వాత, ముందు ఆ ల్యాప్‌టాప్ సంగతి. దాన్ని నెట్‌వర్క్ నుంచి వేరుచేయమన్నాం. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయినట్టే లెక్క వేసుకుని, ఆ ఉద్యోగి మెయిల్, బ్యాంక్ పోర్టల్, సప్లయర్ పోర్టల్ పాస్‌వర్డ్‌లు మార్పించి, తెరిచి ఉన్న సెషన్లన్నీ రద్దు చేయించాం. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే చాలదు. లాగిన్ అయి ఉన్నామని గుర్తుంచుకునే బ్రౌజర్ కుకీ దొంగ చేతిలో ఉంటే కొత్త పాస్‌వర్డ్ తెలియకపోయినా లోపలికి రాగలడు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన గమనించిన, లేదా దృష్టికి తెచ్చిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. 9:50కి గమనించారు కాబట్టి మధ్యాహ్నం 3:50 గడువు. రెండు గంటలకే పంపించాం. చట్టం లెక్కలో గడియారం సోమవారం మొదలైంది. దొంగ లెక్కలో మాత్రం ఎప్పుడో మొదలైంది, ఆ తేడా నన్ను నిలవనివ్వలేదు. నిఘా పెట్టుకున్నామన్న ధైర్యంతో వాళ్లు వారానికోసారి కన్సోల్ చూడడం కూడా తగ్గించారు. అంటే మేము రావడం వల్ల వాళ్ల భద్రత కొంత తగ్గింది. ఈ మాట నేను మా టీమ్ మీటింగ్‌లోనూ అన్నాను.

తప్పు దారులు మూడు

మొదట టోకెన్, సీక్రెట్ గడువు చూశాం. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అదే శనివారం ఇంకో రెండు అలర్ట్‌లు వచ్చాయి కూడా. దారి తెగిపోలేదు, ఆ ఒక్క అలర్టే రాలేదు.

మధ్యాహ్నానికి మా ఇంజినీర్ ఒకటి పట్టుకున్నాడు. టూల్ టైమ్‌ను యూటీసీలో, అంటే భారత సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో, ఇస్తుంది. వచ్చిన డేటాను విడదీసి చదివే మా పార్సర్ దాన్ని భారత సమయం అనుకుని చదువుతోంది. అంటే ఈ కస్టమర్ అలర్ట్‌లన్నీ మా తెరమీద ఐదున్నర గంటలు వెనక్కి పడుతున్నాయి. అందరికీ ప్రాణం లేచొచ్చింది. దిద్దాం, కస్టమర్‌కు చెప్పాం, అయిపోయిందనుకున్నాం.

ఆ రాత్రి ఇంటికెళ్లాక అది సమాధానం కాదని తట్టింది. టైమ్ తప్పుగా పడితే అలర్ట్ జాబితాలో వేరే చోట ఉండాలి, అసలు లేకుండా పోకూడదు. పొద్దున వచ్చి అలర్ట్ ఐడీతో మా ముడి నిల్వలో వెతికాను. లేదు. నిజమైన తప్పే ఒకటి దొరికింది, కానీ మేము వెతుకుతున్న తప్పు అది కాదు. దొరికిన ప్రతి తప్పునూ "ఇదే కారణమా?" అని విడిగా నిలదీయాలి. ఆ రోజు అలసటలో ఉన్న మాకు అది దొరకడమే చాలనిపించింది.

రెండోది, ఐదు నిమిషాలకు బదులు నిమిషానికోసారి అడుగుదామన్న ఆలోచన. ఒకసారి అడగడానికీ మరోసారి అడగడానికీ మధ్య ఏదైనా జారిపోతోందేమోనని. ఫలితం అధ్వానం. టూల్ నుంచి 429 రావడం మొదలైంది, అంటే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు, ఆగండి అని. అదే యాప్ ఐడీతో కస్టమర్ వాళ్ల రిపోర్టు స్క్రిప్టు ఒకటి నడుస్తోందని అప్పుడే తెలిసింది. ఎన్నిసార్లు అడగొచ్చన్న ఒకే కోటాను ఇద్దరం పంచుకుంటున్నాం. రెండు రోజులకు వెనక్కి తీసుకుని, వాళ్ల స్క్రిప్టుకు వేరే యాప్ చేయించాం.

మూడోది మేనేజర్ గారి కోరిక. "అలర్ట్‌లు ఒక్కటే ఎందుకు సార్, సెన్సర్ డేటా మొత్తం మీకు పంపించేస్తే ఏదీ తప్పిపోదు కదా?" ఆయన బాధ నాకు అర్థమైంది. మేము ఆయనకు సమాధానం చెప్పలేని స్థితిలో ఉన్నాం, అందుకే కాదనలేకపోయాను. నాలుగు రోజులు ముడి డేటా మొత్తం తెప్పించాం. రోజుకు 25 జీబీ దాటింది. మా నిల్వకు జీబీ లెక్కన ఖర్చు. దానికన్నా పెద్ద నష్టం అనలిస్టులది. టూల్ తన క్లౌడ్‌లో వడపోసి ఇచ్చే అలర్ట్‌ను వదిలి, అదే పనిని మేము మొదటినుంచీ, తక్కువ సమాచారంతో, మళ్లీ చేస్తున్నాం. అనుమానం వచ్చాక లోతుగా తవ్వడానికి ముడి డేటా విలువైనదే. కానీ మాకు వచ్చిన చిక్కు డేటా చాలకపోవడం కాదు, తయారై ఉన్న అలర్ట్ అందకపోవడం. ఐదో రోజు ఆపేశాం. కాదనాల్సిన చోట మొహమాటపడి నాలుగు రోజులు పోగొట్టాను.

ఇన్వార్డ్ రిజిస్టర్

ఆ వారం చివర్లో ఫ్యాక్టరీకి వెళ్లాను. గేట్ పాస్ రాసేదాకా రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎదురుగా టపా నమోదు చేసే ఇన్వార్డ్ రిజిస్టర్ తెరిచి ఉంది. ఎర్ర గీతల మధ్య పక్కపక్కనే రెండు గడులు: ఉత్తరం తేదీ, అందిన తేదీ. 9వ తేదీన రాసిన ఉత్తరం ఒకటి 14న అందింది. గుమస్తా దాన్ని 14వ తేదీ వరుసలో రాసి ముద్ర వేశాడు. సహజంగానే. 9వ తేదీ పేజీ ఎప్పుడో నిండిపోయింది, ఇక దాన్ని ఎవరూ తిరగెయ్యరు.

మా కనెక్టర్ ఏ గడి చూస్తోంది?

అక్కడి నుంచే ఇంజినీర్‌కు ఫోన్ చేశాను. టూల్ ప్రతి అలర్ట్‌తో మూడు సమయాలు ఇస్తుంది: ఘటన మొదట జరిగిన సమయం, అలర్ట్ తయారైన సమయం, చివరిసారి మారిన సమయం. మా కనెక్టర్ చెక్‌పాయింట్‌గా మొదటిదాన్ని వాడుతోంది. "నేను 11:15 దాకా చదివాను, ఆ తర్వాత జరిగినవి ఇవ్వు" అని అడుగుతుంది. రాసినవాడి తప్పని అనలేను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న వరుస అనలిస్టుకు కావాలి కాబట్టి ఘటన సమయాన్ని ఎంచుకున్నాడు. తెర మీద చూపించడానికి అది సరైన గడియే, చెక్‌పాయింట్‌కు మాత్రం కాదు.

ఇక ఆ శుక్రవారం ఏం జరిగిందో వరుసగా అల్లుకుంది. పర్చేజ్ ఉద్యోగి సాయంత్రం ఇంటి దగ్గర, నెట్ లేకుండా, ఒక సప్లయర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోని కొటేషన్ ఫైలు తెరిచాడు. 6:42కి సెన్సర్ గమనించి తన దగ్గరే రాసిపెట్టుకుంది, పంపడానికి నెట్ లేదు. శనివారం 11:20కి ల్యాప్‌టాప్ వైఫైకి కలిసింది. సెన్సర్ దాచుకున్నదంతా పంపింది, కన్సోల్‌లో అలర్ట్ పడింది, 6:42 శుక్రవారం అన్న ముద్రతో. అప్పటికి మా చెక్‌పాయింట్ శనివారం 11:15 మీద ఉంది. వెనకటి తేదీతో వచ్చిన ఆ ఉత్తరాన్ని మా గుమస్తా తెరవనే లేదు. ఇక ఎప్పటికీ తెరవడు. కాబట్టి అలర్ట్ కన్సోల్‌లో మేము చూడకుండా ఉన్నది 63 గంటలు కాదు, 46 గంటల 30 నిమిషాలు. దాంతో మా తప్పేమీ తగ్గలేదు.

ఊహను ఊహగా వదల్లేదు. ఐటీ గదిలో ల్యాప్‌టాప్ వైఫై ఆపి, 10:05కి టెస్ట్ అలర్ట్ రేపాం. నలభై నిమిషాలు ఆగి 10:45కి వైఫై ఆన్ చేశాం. 10:52కి కన్సోల్‌లో పడింది, 10:05 సమయంతో. మా క్యూలోకి రాలేదు. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ రాలేదు. మేనేజర్ గారు నా పక్కనే కుర్చీ వేసుకుని చూశారు. మూడోసారి అయ్యాక, "అంటే మా మార్కెటింగ్ వాళ్ల ల్యాప్‌టాప్‌లు సగం రోజులు ఇలాగే ఉంటాయి కదండీ" అన్నారు. అవును. ఎక్కువ తిరిగే, ఎక్కువ ప్రమాదంలో ఉండే మిషన్లే ఎక్కువసేపు ఆఫ్‌లైన్‌లో ఉంటాయి. మా కన్ను సరిగ్గా వాటి మీదే గుడ్డిది.

సరిచేసిన తీరు

చెక్‌పాయింట్‌ను అలర్ట్ చివరిసారి మారిన సమయానికి మార్చాం. అలర్ట్ తయారైన సమయం వాడినా ఈ లోపం పోయేది. కానీ టూల్ ఒక అలర్ట్‌ను మొదట తక్కువ తీవ్రతతో పెట్టి, మరిన్ని ఆనవాళ్లు దొరికాక పెంచుతుంది. తయారైన సమయం మీద ఆధారపడితే పెరిగిన తీవ్రత మాకు తెలియదు. అనలిస్టు తక్కువది అనుకుని పక్కన పెట్టింది పక్కనే ఉండిపోతుంది.

దాంతోపాటు ప్రతిసారీ రెండు గంటలు వెనక్కి జరిగి అడుగుతున్నాం. క్లౌడ్ వ్యవస్థల్లో ఒక రికార్డు మీద పడిన సమయం వేరు, అది వెతుకులాటకు దొరికే సమయం వేరు. కొన్నిసార్లు నిమిషాల తేడా ఉంటుంది. వెనక్కి జరిగి అడిగితే ఒకే అలర్ట్ పదేపదే వస్తుంది. అలర్ట్ ఐడీ, మారిన సమయం రెండూ కలిపి చూసి, ముందే ఉంటే వదిలేస్తాం. రెండోసారి చదవడానికి పోయేది కాస్త కోటా. ఒక్కటి తప్పిపోతే పోయేది ఏమిటో చూశాం కాబట్టి ఈ బేరంలో నాకు సందేహం లేదు.

ఇంకో మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. తెచ్చిన అలర్ట్‌లన్నీ మా నిల్వలో రాసిన తర్వాతే చెక్‌పాయింట్ ముందుకు జరగాలి. ఇంతకుముందు జవాబు రాగానే జరిగేది.

ఇవన్నీ చేసినా నాకు నమ్మకం కుదరలేదు. కనెక్టర్ తన గురించి తాను చెప్పే మాటను నమ్మే మొదటిసారి మోసపోయాం. అందుకని రోజూ ఉదయం 6 గంటలకు వేరే స్క్రిప్టు ఒకటి నడిపిస్తున్నాం. గత 7 రోజుల అలర్ట్ ఐడీలు టూల్ నుంచి నేరుగా తెచ్చి, మా నిల్వలోని ఐడీలతో పక్కపక్కన పెట్టి తేడా చెబుతుంది. బ్యాంక్ పాస్‌బుక్‌నూ మన ఖాతా పుస్తకాన్నీ సరిచూసుకోవడం లాంటి పని. అకౌంట్స్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే, మేమే చేయలేదు.

మొదటిసారి 30 రోజుల వెనక్కి నడిపితే 14 అలర్ట్‌లు తేడా వచ్చాయి. తొమ్మిది ఆలస్యంగా వచ్చినవి, అది ఊహించిందే. మిగతా ఐదింటికి కారణం వేరు. ఒక రోజు పాత ఫైళ్ల స్కాన్ వల్ల ఒకేసారి వందకు పైగా అలర్ట్‌లు పడ్డాయి. టూల్ జవాబును పేజీలుగా ఇస్తుంది, వందకో పేజీ. మా కనెక్టర్ మొదటి పేజీ చదివి ఆగిపోయింది. మేము వెతకని తప్పు సరిచూపులో బయటపడింది. పద్నాలుగింటినీ చేత్తో ఒక్కొక్కటిగా చూశాం. పదమూడు ప్రమాదం లేనివి. ఒకటి, స్టోర్స్ కంప్యూటర్‌లో బయటి సర్వీస్ మనిషి ఎవరో దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టి వదిలేసినది. అప్పటికీ నడుస్తూనే ఉంది. తీసేయించాం.

టెస్ట్‌ను కూడా మార్చి రోజువారీ చేశాం. ఐకార్ ఫైల్‌ను యాంటీవైరస్ భాగం అక్కడికక్కడే తీసేస్తుంది. దాంతో ఫైల్ దారి ఒక్కటే పరీక్షించినట్టు, ప్రవర్తన చూసి పట్టే దారి పరీక్షించినట్టు కాదు. అందుకని హానిలేని ఒక కమాండ్‌లో మాకు మాత్రమే తెలిసిన మాట పెట్టి, అది కనిపిస్తే అలర్ట్ లేపాలని టూల్‌లో సొంత రూల్ రాశాం. మూడు చోట్లా ఒక్కో మిషన్ రోజూ ఆ కమాండ్ నడుపుతుంది. 15 నిమిషాల్లో ఆ అలర్ట్ మా క్యూలోకి రాకపోతే మాకే అలారం మోగుతుంది. మూడింట్లో ఒక మిషన్ కావాలనే గంటసేపు నెట్ లేకుండా ఉండి తర్వాత కలుస్తుంది. దానికి ఆ గంట కలుపుకునే గడువు.

లెక్కలో లేని 27 మిషన్లు

సరిచూపు అలవాటయ్యాక అదే ప్రశ్న మిషన్లకూ వేశాం. కొనుగోలు రిజిస్టర్‌లో 380, కన్సోల్‌లో 353. మిగతా 27 ఎక్కడ?

రెండో ఫ్యాక్టరీలో 11 మిషన్లలో సెన్సర్ ఉంది, కానీ నోరు మెదపదు. అక్కడి ఫైర్‌వాల్ బయటికెళ్లే ప్రతి కనెక్షన్‌నూ విప్పి చూసి, తన సర్టిఫికెట్‌తో మళ్లీ మూస్తోంది. సెన్సర్ తన క్లౌడ్ సర్టిఫికెట్ తప్ప వేరేది ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఆ చిరునామాలకు తనిఖీ మినహాయిస్తే గంటలో అన్నీ పలికాయి. ఇంకో చోట ప్యాకింగ్ సెక్షన్‌కు కొన్న ఆరు కంప్యూటర్లను సెన్సర్ వేశాక ఒకే డిస్క్ నుంచి కాపీ చేశారు. ఆరింటికీ ఒకటే ఐడీ. కన్సోల్‌లో ఒక్కటిగా, నిమిషానికో ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) మారుస్తూ కనిపించేది, అంటే లెక్కలో ఐదు తక్కువ. రెండింట్లో సెన్సర్ అసలే లేదు, ఒకటి గెస్ట్ హౌస్‌లో, ఒకటి వేబ్రిడ్జి గదిలో. వేబ్రిడ్జిది దొరకడానికి రెండు రోజులు పట్టింది, లారీల బరువు రాసే మనిషి దాని మీద టవల్ కప్పి ఉంచుతాడు, దుమ్ము పడకుండా. మిగిలిన తొమ్మిదీ ల్యాబ్‌వి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

వెతుకుతుంటే అకౌంట్స్ సర్వర్‌లో డీ డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయించినట్టు కూడా కనిపించింది. సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉందని ఎవరో ఎప్పుడో చేసింది. డేటా ఫోల్డర్ ఒక్కదానికి కుదించాం.

రాత్రి 2 గంటలకు ఎవరు ఎత్తుతారు

అలర్ట్ మా క్యూలోకి వస్తే సగం దారి వచ్చినట్టు. మిగతా సగం, ఫోన్ అటువైపు ఎవరు ఎత్తుతారు, ఎత్తాక ఏం చేస్తారు.

టూల్‌లో ఒక మిషన్‌ను నెట్‌వర్క్ నుంచి వేరుచేసే బటన్ ఉంది. దాన్ని మా చేతికి ఇవ్వడానికి కస్టమర్ భయపడ్డారు. 2024 జూలై 19న ఒక ఎండ్‌పాయింట్ టూల్ అప్‌డేట్ తప్పుగా వెళ్లి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు కుప్పకూలాయి. ఆ రోజు విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌ల ఫోటోలు చూసిన ఏ ప్లాంట్ మేనేజరైనా భయపడతాడు. రియాక్టర్ నడుస్తుండగా కంప్యూటర్ తెగిపోతే నష్టం సరుకుతో ఆగదు. వాళ్ల భయాన్ని తీసిపారేయకుండా మిషన్లను మూడు గుంపులు చేశాం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లు, అడగకుండా వేరుచేస్తాం. సర్వర్లు, ఫోన్ చేస్తాం, పావుగంటలో ఎవరూ ఎత్తకపోతే వేరుచేస్తాం. ప్లాంటు, ల్యాబ్ మిషన్లు మేము ముట్టుకోం, షిఫ్ట్ ఇన్‌చార్జికి చెబితే ఆయన ప్రొడక్షన్ పరిస్థితి చూసి కేబుల్ తీస్తారు. వేరుచేసే అనుమతికి ప్రత్యేక యాప్, సీక్రెట్‌కు బదులు సర్టిఫికెట్. అలర్ట్‌లు చదివే తాళం దొంగ చేతికి పోయినా దాంతో మిషన్లు ఆపలేడు.

కాగితం మీద బాగుంది. ఒక రాత్రి 2:10కి ముందు చెప్పకుండా డ్రిల్ చేశాం. మేనేజర్ గారి ఫోన్ మోగలేదు. రాత్రి పదకొండు దాటితే దానంతటదే సైలెంట్ అయ్యేలా ఆయన పెట్టుకున్నారు, మా నంబర్‌కు మినహాయింపు లేదు. రెండో నంబర్ షిఫ్ట్ ఇన్‌చార్జి గారిది. ఆయన ఎత్తారు.

"రాత్రిపూట ఐటీ వాళ్లెవరూ ఉండరండీ. ఏం చెయ్యమంటారు, చెప్పండి."

"ప్యాకింగ్‌లో నాలుగో నంబర్ మిషన్ నెట్‌వర్క్ కేబుల్ తియ్యాలి సార్. డ్రిల్ మాత్రమే."

ఆయన వెళ్లారు, ఫోన్ చేతిలోనే ఉంది, వెనక మోటార్ల చప్పుడు వినిపిస్తోంది. "తీశానండీ" అన్నారు. మా కన్సోల్‌లో నాలుగో నంబర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. లేబుల్స్ మీద సిరా చెరిగిపోయింది, ఆయన తీసింది లేబుల్ ప్రింటర్ కేబుల్. మర్నాడు మిషన్ నెట్‌వర్క్ కేబుల్స్ అన్నిటికీ రెండు చివర్లా నీలం టేపు చుట్టి, చెరగని పెన్‌తో నంబర్ రాయించారు. రెండోసారి డ్రిల్‌లో ఆరు నిమిషాల్లో పని అయింది. ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయిన మేలు ఆ నీలం టేపే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎలా చేస్తున్నాను

కొత్త కస్టమర్ ఎవరొచ్చినా, ముందు ఆఫ్‌లైన్ టెస్ట్, నూరు దాటిన అలర్ట్‌ల టెస్ట్, తీవ్రత పెరిగిన అలర్ట్ టెస్ట్. ఈ మూడూ కాకుండా సంతకం పెట్టను. ఐదున్నర గంటల తేడా చూడడానికి అర్ధరాత్రి 12 నుంచి 5:30 లోపు ఒక టెస్ట్ తప్పనిసరి, ఎందుకంటే అప్పుడు యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుంటుంది. మిషన్ల గడియారాలు కూడా చూస్తాను. సెర్ట్-ఇన్ ఆదేశాలు గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలపమంటాయి. ఇక్కడ ఒక ఫ్యాక్టరీ సర్వర్ 20 నిమిషాలు వెనకబడి ఉంది. లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్న నియమం కూడా అదే ఆదేశంలో ఉంది. టూల్ క్లౌడ్‌లో ఎన్నాళ్లు ఉంటాయో ఒప్పందం చూడకుండా అనుకోవద్దు.

మా నెలవారీ రిపోర్టులో మొదటి పేజీ కూడా మారింది. ఎన్ని దాడులు ఆపాం అన్న అంకె తీసేశాం. ఎన్ని మిషన్లు 24 గంటలుగా పలకడం లేదు, సరిచూపులో తేడా ఎంత, రోజువారీ టెస్ట్ ఎన్నిసార్లు ఆలస్యమైంది అన్నవి పెట్టాం. మొదటి నెల మేనేజర్ గారు దాన్ని ఎండీ గారికి చూపించడానికి ఇబ్బందిపడ్డారు, అన్నీ లోపాలే కనిపిస్తున్నాయని. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఇక ల్యాబ్‌లోని తొమ్మిది. నాణ్యత పరీక్షల పరికరాలకు కట్టిన కంప్యూటర్లు అవి, విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు 2020 జనవరి 14న ఆపేసింది. ఈ సెన్సర్ దాని మీద నడవదు. ఆ మిషన్ల రికార్డులు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ల ఎలక్ట్రానిక్ రికార్డుల నియమం, 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 కిందికి వస్తాయి. పరికరం, సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ కలిపి వ్యాలిడేట్ అయి (సరిగ్గా పనిచేస్తాయని రుజువై) ఉన్నాయి కాబట్టి ఏది మార్చినా చేంజ్ కంట్రోల్ అనే మార్పు అనుమతి పత్రం రాయాలి, మళ్లీ రుజువు చేయాలి. క్వాలిటీ మేడమ్ గారు కాదనలేదు, ఒక్కో పరికరానికి ఎన్ని రోజులు ఆపాలో లెక్క వేసి చూపించారు. ఆ లెక్క న్యాయమైనదే. అందుకని తొమ్మిదింటినీ వేరే నెట్‌వర్క్‌లో పెట్టి, ఇంటర్నెట్ తీసేసి, యూఎస్‌బీ పోర్టులు మూయించి, వాటి ముందున్న ఫైర్‌వాల్ లాగ్‌లు మా క్యూకు కలిపాం. లోపల ఏం నడుస్తోందో మాకు కనపడదు, బయటికి ఏదైనా పోవాలని చూస్తే కనపడుతుంది. రిపోర్టు మొదటి పేజీలో ఆ తొమ్మిదీ విడిగా, "సెన్సర్ లేదు" అన్న మాటతో ప్రతి నెలా అచ్చవుతున్నాయి. రెండింటి చేంజ్ కంట్రోల్ మీద సంతకాలు అయ్యాయి, ఏడు మిగిలాయి.